ఒక్టావియో పాజ్ ‘ప్లూరల్’ను వదిలి ‘వుయెల్తా’ ఎందుకు పెట్టారు?

మెక్సికో దినపత్రిక ‘ఎక్సెల్సియోర్’ డైరెక్టర్ హూలియో షేరెర్‌ను 1976 జులైలో గెంటేసినందుకు నిరసనగా కవి పాజ్ తన బృందంతో సహా తాను నడుపుతున్న పత్రిక ‘ప్లూరల్’ నుంచి తప్పుకుని, ఆ డిసెంబరులోనే ‘వుయెల్తా’ అనే కొత్త పత్రిక మొదలుపెట్టారు.

1971లో పాజ్ చేత ‘ప్లూరల్’ పెట్టించింది షేరెరే. సాహిత్యం, రాజకీయం కలగలిసిన ఆ మాసపత్రికకు డబ్బు ఎక్సెల్సియోర్‌ది. ఆ దినపత్రిక అప్పట్లో సహకార సంఘం. కాబట్టి షేరెర్‌ను తొలగించింది కాగితం మీద సభ్యుల సమావేశమే. వెనక ఉన్నది అధ్యక్షుడు ఎచెవెరియా ప్రభుత్వమని అప్పటి నుంచీ బలంగా వినిపిస్తున్న మాట. ఇంకొకరి గొడుగు కింద ఉంటే స్వేచ్ఛ ఎంత పలచనో పాజ్ బృందానికి అర్థమైంది.

అందుకే వుయెల్తాకు పెట్టుబడి కూడా వేరే దారిలో తెచ్చుకున్నారు: చిత్రకారుడు రుఫీనో తమాయో ఇచ్చిన బొమ్మను లాటరీ వేసి డబ్బు కూడబెట్టారు. పేరుకు అర్థం ‘తిరిగి రావడం’. సందర్భానికి భలే కుదిరింది.

ప్లూరల్ అక్కడితో మూతపడిందని చాలామంది అనుకుంటారు. లేదు, వేరే సంపాదకులతో ఎక్సెల్సియోర్ దాన్ని కొనసాగించింది. 1999లో వచ్చిన ‘లెత్రాస్ లీబ్రెస్’ కూడా పేరు మార్చుకున్న వుయెల్తా కాదు. 1998లో పాజ్ మరణంతో వుయెల్తా ఆగింది. ఆ మరుసటి ఏడాది, అందులో పనిచేసిన ఎన్రీకె క్రాఉసె పెట్టిన కొత్త పత్రిక అది.