నిశ్చితార్థం ఉంగరానికి రెండు నెలల జీతం పెట్టాలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉద్యోగం, జీతం చేతికి 70,000 వస్తుంది. మాఘమాసంలో నిశ్చితార్థం. ‘ఉంగరానికి రెండు నెలల జీతం పెట్టాలి, ఇక్కడ అందరూ అంతే’ అని డాలస్‌లో ఉండే మా బావ అన్నాడు. అమ్మాయికి 1,40,000 రూపాయల డైమండ్ రింగ్ చూశాం. నాలుగు గ్రాముల 18 క్యారెట్ బంగారం, ఒకటే రాయి. పెళ్లి ఖర్చులు పోను నా దగ్గర 90,000 మిగులుతాయి, అవి కొత్త కాపురానికి కావాలి. అందుకని ఉంగరానికి పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను, 14 శాతం వడ్డీ, రెండేళ్లు. అమ్మేమో తెగిపోయిన తన గొలుసు, కాసు బరువుంటుంది, మార్చి ఇద్దరికీ ఉంగరాలు చేయించమంటోంది. పాత బంగారంతో చేయిస్తే వాళ్లింట్లో చులకనవుతామేమోనని టెన్షన్.
– రాజమండ్రి నుంచి ఒక పాఠకుడు

జవాబు: లోన్ వద్దు. అమ్మగారి గొలుసు తీసుకోండి. ఎందుకో చెప్తాను.

ముందు మీ బావగారి లెక్క సంగతి. రెండు నెలల జీతం అనేది ఆచారమూ కాదు, ఆర్థిక సూత్రమూ కాదు. డీబీర్స్ అనే వజ్రాల కంపెనీ 1980లలో అమెరికాలో ఇచ్చిన ప్రకటనల్లోని మాట అది. జపాన్ ప్రకటనల్లో మూడు నెలలు అన్నారు. 1860ల చివర దక్షిణాఫ్రికాలో వజ్రాలు బయటపడ్డాక సరుకు పుష్కలంగా వచ్చింది, దాన్ని కొనేవాళ్లు కావాలి. ‘వజ్రం శాశ్వతం’ అనే నినాదాన్ని 1947లో వాళ్ల ప్రకటనల ఏజెన్సీలో పనిచేసే ఫ్రాన్సెస్ గెరెటీ రాశారు. నిజానికి పెళ్లి ఉంగరం వజ్రంతో మొదలవ్వలేదు. పాత రోమన్లు పెళ్లి నిశ్చయమైన అమ్మాయికి రాయి లేని ఇనుప ఉంగరం పంపేవారు. 18వ శతాబ్దంలో బ్రెజిల్‌లో దొరికేదాకా ప్రపంచానికి వజ్రాలు చాలావరకు మన దేశం నుంచే వెళ్లాయి, కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులకు అందులో పెద్ద పేరు. అయినా మన పెళ్లిళ్లలో ప్రధానపుటుంగరానికి గానీ, బిందెలో వేసి వెతికించే ఉంగరానికి గానీ, మెట్టెలకు గానీ వజ్రం ఉండి తీరాలని ఎవరూ అనలేదు. కాబట్టి ఆ మాట పట్టుకుని అప్పు చేయాల్సిన పని లేదు.

ఇప్పుడు మీరు చూసిన ఉంగరం బిల్లు విప్పి చూద్దాం. లెక్క తేలిగ్గా ఉండటానికి మేలిమి బంగారం గ్రాము 12,000 అనుకుందాం, కొనే రోజు మీరు ఆనాటి ధర వేసుకోండి. 18 క్యారెట్‌లో బంగారం 75 శాతం, అంటే గ్రాము 9,000. నాలుగు గ్రాములకు 36,000. మజూరీ 20 శాతం వేస్తే 7,200. మొత్తం మీద జీఎస్టీ 3 శాతం, దాదాపు 4,100. మిగిలిన 92,700 రాయి ఖరీదు. రేపు అవసరం పడి తాకట్టుకు వెళ్తే బ్యాంకు ఆ 36,000 విలువ బంగారాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. మజూరీ, పన్ను ఎటూ తిరిగి రావు. రాయికి ఎంతిస్తారన్నది కొన్న షాపు బైబ్యాక్ (తిరిగి కొనే) షరతుల మీద ఉంటుంది, అవి కాగితం మీద చూడకుండా నమ్మకండి. ఇక లోన్ వైపు నుంచి చూస్తే నెలకు సుమారు 6,720 చొప్పున 24 నెలలు, మొత్తం 1,61,300. అంటే 21,000 పైచిలుకు వడ్డీకే. కొత్త కాపురంలో మొదటి రెండేళ్లు అద్దె, సామాను, రాకపోకల ఖర్చులతోనే ఊపిరాడదు, దాని మీద ఈ కిస్తీ కూడా ఎందుకు?

గొలుసు లెక్క చూడండి. కాసు అంటే 8 గ్రాములు. పాత గొలుసుల్లో టంకం ఉంటుంది, అందుకని నాణ్యం 85 శాతం వచ్చిందనుకున్నా 81,600 విలువ. 18 క్యారెట్‌లో నాలుగేసి గ్రాముల సాదా ఉంగరాలు రెండు, మజూరీ 10 శాతం, జీఎస్టీ కలిపి సుమారు 81,600 అవుతాయి. షాపువాళ్లు పాత బంగారానికి కొంత తగ్గించినా మీ జేబులోంచి పడేది కొద్ది వేలే. మీ 90,000 దాదాపుగా మీ దగ్గరే ఉంటాయి. కాకపోతే కరిగించే ముందు మెషీన్‌లో నాణ్యం చూపించమనండి, మీ కళ్లముందే తూకం వేయించి ఆ అంకె రాయించుకోండి. నాణ్యం తక్కువ చెప్పినట్టు అనిపిస్తే గొలుసు వెనక్కి తీసుకుని ఇంకో షాపులో చూపించండి, మొహమాటపడొద్దు.

చులకన గురించి నా మాట సూటిగా చెప్తాను. అత్తగారు తన మెడలో ఉన్న గొలుసు ఇచ్చి చేయించిన ఉంగరం కంటే కోడలికి గౌరవం ఏముంటుంది? దాచకండి, నిశ్చితార్థం రోజే అందరి ముందూ చెప్పండి.

రోజూ పెట్టుకునేదానికి నేను 18 క్యారెట్టే చెప్తాను. 22 క్యారెట్ మెత్తన, త్వరగా గీతలు పడుతుంది, సన్నగా చేయిస్తే వంగుతుంది. నాలుగు గ్రాముల్లో 3 మిల్లీమీటర్ల వెడల్పు, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం వస్తుంది, లోపల బోలు లేకుండా చేయించండి. సాదా ఉంగరమైతే పదేళ్ల తర్వాత వేలు లావెక్కినా సైజు పెంచుకోవచ్చు. చుట్టూ రాళ్లు పొదిగినదాన్ని పెంచడం కష్టం. వైట్ గోల్డ్ చూడ్డానికి బావుంటుంది గానీ పైన వేసే రోడియం అనే తెల్లని లోహపు పూత అరిగిపోతుంది, మళ్లీ మళ్లీ వేయించాలి. ప్లాటినం మన్నుతుంది, కానీ దాన్ని సైజు మార్చే పనివాళ్లు అన్ని ఊళ్లలో దొరకరు.

అమ్మాయికి రాయి మీద నిజంగా మనసుంటే అడిగి తెలుసుకోండి, మీరే ఊహించుకోకండి. చిన్న రాయి చాలు, చుట్టూ బంగారు అంచు వచ్చేలా పొదిగించండి. సన్నని కొక్కేలతో నిలబెట్టిన రాయి చీర కుచ్చిళ్లకూ జుట్టుకూ పట్టుకుని వదులైపోతుంది. ల్యాబ్‌లో తయారైన వజ్రం కూడా గనిలో దొరికే వజ్రంలాగే అచ్చమైన కార్బనే, ధర చాలా తక్కువ. అయితే తిరిగి అమ్మితే ఏమీ రాదనుకునే కొనండి.

కొనేటప్పుడు ఉంగరం లోపలివైపు భూతద్దంతో చూడండి. నాణ్యానికి హాల్‌మార్క్ ముద్ర ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ గుర్తు, 18కె750 (18 క్యారెట్, అంటే వెయ్యిలో 750 పాళ్లు బంగారం) అనే ముద్ర, హెచ్‌యూఐడీ ఉండాలి. హెచ్‌యూఐడీ అంటే ప్రతి నగకూ విడిగా ఇచ్చే, అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరు గుర్తుల గుర్తింపు సంఖ్య. ఆ హెచ్‌యూఐడీని అక్కడే నిలబడి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి. షాపు రిజిస్ట్రేషన్, నాణ్యం, అది ఉంగరమా గొలుసా అన్నది కూడా కనిపిస్తుంది. 2 గ్రాములలోపు నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, కాబట్టి తేలికపాటివి చూపిస్తే జాగ్రత్త. ముద్రలో ఉన్నదానికంటే నాణ్యం తక్కువని తేలితే ఆ తేడాకు రెట్టింపు, పరీక్ష ఖర్చుతో సహా అడిగే హక్కు మీకుంది. దానికి బిల్లు కావాలి, అందులో నికర బరువు, నాణ్యం, హాల్‌మార్క్ రుసుము విడివిడిగా రాసి ఉండాలి. రాయి పెట్టిస్తే రాయి బరువు తీసేసిన నికర బరువుకే బంగారం ధర కట్టండి.

ఇద్దరి వేళ్ల కొలతలూ సాయంత్రం పూట తీయించండి, పొద్దున్నకంటే అప్పుడు వేళ్లు కాస్త ఉబ్బి ఉంటాయి. ముహూర్తానికి నెల ముందే ఆర్డరివ్వండి, సరిపోకపోతే సవరించడానికి టైముంటుంది.