పాత కట్టడాల ముప్పు లెక్కగట్టడం కూడా ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతోంది. చారిత్రక కట్టడాలకూ పాత నగరాలకూ వరదలు, భూకంపాలు, అగ్నిప్రమాదాల వల్ల ఉండే ముప్పును అంచనా వేసే రంగంలోకి వెళ్తానంటోంది. డిగ్రీ అవగానే విపత్తు నిర్వహణలో పీజీ చేస్తానని పట్టుబడుతోంది. అసలు ఇలాంటి ఉద్యోగాలు ఉంటాయా? సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లమని చెప్పడం తప్పా?
- ఒక తండ్రి

జవాబు: పని ఉంది, చేసేవాళ్లూ ఉన్నారు. కాకపోతే ఆ పేరుతో ప్రకటన వస్తే చూసి దరఖాస్తు పెట్టుకునే తరహా ఉద్యోగం కాదిది. ఈ రంగంలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది వేరే గుమ్మంలోంచి లోపలికి వచ్చినవాళ్లే. ఒకరు స్ట్రక్చరల్ ఇంజినీరు, ఒకరు వరదల లెక్కలు తెలిసిన జలశాస్త్ర నిపుణుడు, ఒకరు మ్యూజియం వస్తువులు పాడవకుండా కాపాడే కన్జర్వేటర్, మరొకరు అగ్నిమాపక అధికారి. తలా ఒక పని చేతికొచ్చాక ఇటు తిరిగినవాళ్లు. అందుకే అమ్మాయి ఆసక్తి గురించి నాకు బెంగ లేదు గానీ, డిగ్రీ అవగానే విపత్తు నిర్వహణ పీజీ అన్న ఆలోచనే నచ్చలేదు. ఆ కోర్సుల్లో చాలావాటిలో విధానాలు, చట్టాలు, సమన్వయం గురించి బాగానే చెబుతారు. గోడ చూసి అది ఎటు పడుతుందో చెప్పగలిగే నైపుణ్యం మాత్రం వాటితో రాదు. ముందు ఆ నైపుణ్యం సంపాదించుకోవాలి.

ముప్పు అంచనా అంటే భూకంపం ఎప్పుడొస్తుందో చెప్పడమని చాలామంది అనుకుంటారు. ఆ జోస్యం ఎవరివల్లా కాదు. ఎలాంటి ప్రమాదం ఎంత తరచుగా రావచ్చు, దాని దారిలో ఏమేం ఉన్నాయి, వాటిలో ఏది ఎంత తేలిగ్గా దెబ్బతింటుంది అన్న మూడు ప్రశ్నలను కలిపి ఒక లెక్కకు తేవడమే ఈ పని. సాంస్కృతిక సంపద పరిరక్షణ కోసం రోమ్ కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రోమ్, కెనడా కన్జర్వేషన్ ఇన్‌స్టిట్యూట్ కలిసి ప్రచారంలోకి తెచ్చిన ఏబీసీ పద్ధతిని చూస్తే ఆ లెక్క మీకే అర్థమవుతుంది. ఏ అంటే ప్రమాదం ఎంత తరచుగా వస్తుందన్నది. బీ అంటే దెబ్బతిన్న ఒక్కో వస్తువు విలువలో ఎంత పోతుందన్నది. సీ అంటే మొత్తం సంపద విలువలో ఎంత భాగం దాని బారిన పడుతుందన్నది. ఒక్కోదానికి గరిష్ఠంగా 5 మార్కులు. ఒక మార్కు తేడా అంటే పదింతల తేడా.

ఒక మ్యూజియం పైకప్పు ఏటా కారుతోందనుకోండి. ఏటా జరిగేది కాబట్టి ఏ కింద 5. తడిసిన వస్తువు విలువలో పదో వంతు పోతుంది, అంటే బీ 4. ఆ మూలన ఉన్నది మొత్తం సంపదలో నూరో వంతే, కాబట్టి సీ 3. మొత్తం 12. అదే మ్యూజియం వందేళ్లకోసారి పూర్తిగా కాలిపోయే అవకాశం ఉందనుకుంటే 3, 5, 5 కలిపి 13. అంటే ఏటా కంటికి కనబడి విసిగించే కారుడు కన్నా, అక్కడి సిబ్బందిలో ఎవరూ ఎన్నడూ చూడని మంట పది రెట్లు పెద్ద ముప్పన్నమాట. ఆ మంట వెయ్యేళ్లకోసారేనని తేలితే రెండింటికీ సమానంగా 12 వస్తాయి. అప్పుడు తక్కువ ఖర్చులో తీరేది ఏదో చూసి దానికే ముందు డబ్బు పెడతారు. ఈ రంగంలో జీతం ఇచ్చేది ఇలాంటి తీర్పు కోసమే: ఉన్న కొద్దిపాటి నిధులు దేనికి ముందు, దేనికి తర్వాత అన్నది అంకెలతో నిలబెట్టి చెప్పడం. 2018 సెప్టెంబరు 2న రియో డి జనీరోలో బ్రెజిల్ జాతీయ మ్యూజియం తగలబడినప్పుడు దగ్గర్లోని హైడ్రెంట్లలో, అంటే మంటలార్పడానికి పెట్టిన కుళాయిల్లో, నీళ్లే లేవు. దాదాపు 2 కోట్ల వస్తువులున్న భవనం అది.

ఇక మీ అమ్మాయి చదువుతున్న సివిల్ ఇంజినీరింగ్ దగ్గరికి వద్దాం. అది ఇక్కడ పెద్ద బలం, ఒక పెద్ద ప్రమాదం కూడా. ఇటలీలో 1997లో అంబ్రియా, మార్కే ప్రాంతాల్లో వచ్చిన భూకంపాల తర్వాత ఇంజినీర్లకు ఓ చేదు నిజం తెలిసొచ్చింది. పాత రాతి ఇళ్లను బలపరుస్తున్నామనుకుని చెక్క పైకప్పులు తీసేసి కాంక్రీటు స్లాబులు, కాంక్రీటు బీములు వేసినచోట కొన్ని ఇళ్లు ఇంకా ఘోరంగా కూలాయి. బలహీనమైన రాతి గోడ మీద బరువు పెరిగింది. ఊగేటప్పుడు బిగుతైన స్లాబు ఒకలా, కింది గోడ మరోలా కదిలాయి. కొత్త భవనాల కోసం రాసిన నిర్మాణ నియమాలను (కోడ్) పాత గోడకు అతికిస్తే ఇంతే జరుగుతుంది. మామూలు బీటెక్ సిలబస్‌లో సున్నపు గచ్చు, పొరలుగా పేర్చిన రాతి గోడ, చెక్క అతుకుల ప్రవర్తన దాదాపుగా ఉండవు. ఆ ఖాళీని పూడ్చుకున్న ఇంజినీర్లు చాలా తక్కువ. మీ అమ్మాయికి గిరాకీ వచ్చేది ఆ తక్కువమందిలో ఉంటేనే.

నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25న వచ్చిన 7.8 తీవ్రత భూకంపానికి కాఠ్మాండూలోని కాష్ఠమండపం అనే పాత చెక్క మండపం నేలమట్టమైంది. భక్తపూర్‌లో 1702లో కట్టిన ఐదంతస్తుల న్యాతపోల ఆలయం మాత్రం 1934 భూకంపాన్నీ, దీన్నీ కూడా తట్టుకుని నిలిచింది. కాష్ఠమండపం కింద పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వి చూస్తే పునాదులు గట్టిగానే ఉన్నాయని తేలింది. కారణం పైన కట్టడంలో, తర్వాత్తర్వాత జరిగిన మరమ్మతుల్లో వెతకాల్సి వచ్చింది. పాతది కాబట్టి పడిపోయిందన్న మాట ఇంజినీరు నోట రాకూడదు. ఎందుకు పడింది, పక్కది ఎందుకు పడలేదు అని అడగాలి. అమ్మాయికి ఆ కుతూహలం ఉందో లేదో మీకన్నా బాగా ఎవరికీ తెలియదు.

ఈ పనంతా ఇంజినీర్లదే అనుకోనక్కర్లేదు. పారిస్‌లో 2019 ఏప్రిల్ 15న నోత్ర దామ్ చర్చిలో మంట పుట్టినప్పుడు అలారం మోగింది. ఎటు వెళ్లి చూడాలన్న దగ్గరే గందరగోళమై దాదాపు అరగంట పోయింది. లోపం యంత్రానిది కాదు, మనుషుల ఏర్పాట్లది. అలాగే ఆ కట్టడాన్ని మంటకు కొన్నేళ్ల ముందే లేజర్ స్కానింగ్‌తో కొలిచి పెట్టిన ఆండ్రూ టాలన్ ఒక కళా చరిత్రకారుడు. పునర్నిర్మాణానికి పనికొచ్చిన ఆధారాల్లో ఆ కొలతలూ ఉన్నాయి. కొలిచి పెట్టుకోవడమే ఒక వృత్తి కాగలదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

జీతాల సంగతి చూస్తే, కట్టడాల వైపు కన్నా నగరాల వైపు అవకాశాలు ఎక్కువ. 2015లో జపాన్‌లోని సెండాయ్‌లో దేశాలన్నీ కలిసి ఆమోదించిన విపత్తు ముప్పు తగ్గింపు ప్రణాళిక 2030 వరకూ అమల్లో ఉంటుంది. విపత్తు నష్టాల్లో సాంస్కృతిక వారసత్వానికి జరిగిన నష్టాన్ని కూడా లెక్కించాలని అందులోనే ఉంది. నగరాలు తమను తాము పరీక్షించుకోవడానికి ఐక్యరాజ్యసమితి విపత్తు విభాగం ఒక స్కోర్‌కార్డు తయారుచేసింది. పాలన, ఆర్థిక సన్నద్ధత, మౌలిక వసతులు, సహాయక చర్యలు, కోలుకోవడం వంటి పది అంశాల మీద నగరానికి మార్కులు పడతాయి. అవి నింపాలంటే వరద పటాలు గీసేవాళ్లు, ఆస్పత్రి ఏ నీటిమట్టానికి ఆగిపోతుందో చెప్పేవాళ్లు కావాలి. మున్సిపల్ సంస్థలు, ఇంజినీరింగ్ కన్సల్టెన్సీలు, ప్రపంచ బ్యాంకు వంటివాటి ప్రాజెక్టులు, బీమా కంపెనీల నష్ట అంచనా విభాగాలు వీళ్లను తీసుకుంటాయి.

ఒక్క హెచ్చరిక. ఇందులో చాలా కొలువులు ప్రాజెక్టు మీద ఆధారపడినవి. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ 2013లో వంద నగరాల కోసం ఒక పెద్ద కార్యక్రమం మొదలుపెట్టి, చీఫ్ రెజిలియెన్స్ ఆఫీసర్ (విపత్తులను తట్టుకునేలా నగరాన్ని సిద్ధం చేసే అధికారి) అనే హోదాను చాలా నగరాలకు పరిచయం చేసింది. 2019లో ఆ కార్యక్రమం ముగిసింది. ఇలాంటప్పుడు హోదా మీద ఆధారపడినవాళ్లు ఇబ్బంది పడతారు. చేతిలో గట్టి పని ఉన్నవాళ్లు ఇంకో బల్ల దగ్గరికి మారతారు. ప్రధాన నైపుణ్యం గురించి నేను మొండిగా చెబుతున్నది ఇందుకే.

పీజీకి మూడు దారులు చూడొచ్చు. గోడలు, కమానుల మీద మనసుంటే పోర్చుగల్‌లోని మిన్హో విశ్వవిద్యాలయం, మరికొన్ని ఐరోపా విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే చారిత్రక కట్టడాల స్ట్రక్చరల్ విశ్లేషణ మాస్టర్స్ ఉంది. నా ఓటు దానికే. నీళ్ల వైపు మొగ్గుంటే నెదర్లాండ్స్‌లోని నీటి విద్యా సంస్థ ఐహెచ్ఈ డెల్ఫ్ట్, పటాలూ ఉపగ్రహ చిత్రాల వైపైతే అదే దేశంలోని ట్వెంటె విశ్వవిద్యాలయానికి చెందిన ఐటీసీ. క్యోటోలోని రిట్సుమేకాన్ విశ్వవిద్యాలయం వారసత్వ సంపదకు విపత్తుల ముప్పు మీద నడిపే అంతర్జాతీయ శిక్షణ మంచిదే గానీ, అది ఈ రంగంలో పనిచేస్తున్నవాళ్ల కోసం. నాలుగైదేళ్ల తర్వాతి మాట. విదేశీ చదువు వీలుకాకపోతే మంచి చోట స్ట్రక్చరల్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ చేసి, థీసిస్ మాత్రం రాతి లేదా ఇటుక కట్టడాల మీద తీసుకున్నా దారి తప్పినట్టు కాదు.

సాఫ్ట్‌వేర్ సంగతి అడిగారు. అటు తోసెయ్యకండి, అది నేర్చుకోమని మాత్రం తప్పకుండా చెప్పండి. భూకంప నష్టాలు లెక్కగట్టే ఓపెన్‌క్వేక్ సాఫ్ట్‌వేర్ పైథాన్ భాషలో రాసినదే, ఉచితంగా దొరుకుతుంది. పటాలకు క్యూజీఐఎస్, వరద నమూనాలకు హెక్‌రాస్ కూడా ఉచితమే. చివరి ఏడాది ప్రాజెక్టుగా ఒక పాత వీధిని తీసుకుని, ఇల్లిల్లూ తిరిగి గోడ దేనితో కట్టారో, ఎన్ని అంతస్తులో, పైకప్పు ఏమిటో, ఎక్కడ పగుళ్లున్నాయో రాసుకోమనండి. దాన్ని పటం మీదకు ఎక్కించి, నీళ్లు మీటరు ఎత్తున వస్తే ముందు ఏ ఇంటికి దెబ్బో తేల్చమనండి. పీజీ ప్రవేశాలకు ఇది పనికొస్తుంది. ఈలోగా మనసు మారి బీమా మోడలింగ్ కంపెనీలో చేరినా ఇంటర్వ్యూలో చూపించుకోవడానికీ పనికొస్తుంది. వీధి తిరగడం మొదటి వారంలోనే విసుగనిపిస్తే, ఆ సంగతి పీజీ ఫీజు కట్టకముందే తెలుస్తుంది.