పాత క్రెడిట్ కార్డు బాకీకి టోకెన్ కట్టమంటున్నారా?

అమలాపురంలో వసూలు ఏజెంటు ఇంటికొచ్చి, 2018లో కట్టడం ఆపేసిన కార్డు బాకీకి "రెండు వేలు టోకెన్ కట్టి సంతకం పెట్టండి" అంటున్నాడన్నారు కదండీ. ఆ సంతకం మాత్రం పెట్టకండి. 2018 తర్వాత మీరేమీ కట్టకుండా, రాసివ్వకుండా ఉంటే, వాళ్ళు కేసూ వేయకపోతే, దావాకున్న మూడేళ్ళ గడువు ఎప్పుడో దాటింది. ఇప్పుడు కడతానని రాసి సంతకం చేస్తే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25(3) కింద అది కొత్త ఒప్పందం, దాని మీద మళ్ళీ దావా వేయొచ్చు. అసలు మెలిక అక్కడే ఉంది.

ఏజెంటు ఐడీ కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం అడిగి ఫొటో తీసుకోండి. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్లు చేయకూడదు. పక్కింట్లో చెప్పి పరువు తీయడమూ కుదరదు. బ్యాంకుకు మెయిల్లో ఫిర్యాదు చేయండి, 30 రోజుల్లో తేలకపోతే ఆర్‌బీఐ ఫిర్యాదుల వెబ్‌సైటు సీఎంఎస్ పోర్టల్లో పెట్టండి.

కోర్టు నోటీసొస్తే మాత్రం పక్కన పడేయకండి. వాయిదాకు వెళ్ళి గడువు దాటిందని చెప్పాలి.