వణుకు తగ్గింది కానీ, ఇంటినిండా మిక్సీలు!

ప్రశ్న: నాన్నగారికి 66 ఏళ్లు. కిరాణా కొట్టు నడిపేవారు. నాలుగేళ్లుగా పార్కిన్సన్స్ జబ్బుకు లెవోడోపా వాడుతున్నారు. ఆరు నెలల కిందట ప్రామిపెక్సోల్ కలిపారు. వణుకు తగ్గింది. కానీ ఒకప్పుడు ఇరవై సరుకుల లెక్క నోటితో చెప్పిన మనిషి ఇప్పుడు నాలుగో సరుకు దగ్గరే తడబడుతున్నారు. పైగా రాత్రిళ్లు ఫోనులో ఏవేవో కొంటున్నారు. ఇప్పటికి మూడు మిక్సీలు వచ్చాయి. అడిగితే కసురుకుంటున్నారు. ఇదంతా వయసు ప్రభావమేనా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మిక్సీల సంగతి రాసి మంచి పని చేశారమ్మా. పరువు పోతుందని చాలామంది దీన్ని డాక్టరు దగ్గర దాచి, వణుకు గురించి మాత్రమే చెప్పి వెళ్లిపోతారు.

నోటిలెక్కలో వచ్చిన మొత్తాన్ని మనసులో పట్టుకుని ఉండగానే తర్వాతి ధర కలపాలి. ఈ క్షణాల జ్ఞాపకమే వర్కింగ్ మెమరీ. నుదుటి వెనక ఉన్న మెదడు భాగం ఈ పని చూస్తుంది, దానికి డోపమైన్ అనే, మెదడు కణాల మధ్య సందేశాలు మోసే రసాయనం కావాలి. 1979లో కోతులకు ఆ భాగంలో డోపమైన్ తగ్గించి చూస్తే, కిందటిసారి తిండి ఏ వైపు తీసుకున్నాయో గుర్తుపెట్టుకోలేకపోయాయి. ఆ భాగాన్ని కోసి తీసేస్తే ఎంత నష్టమో, దాదాపు అంత నష్టం జరిగింది.

అలాగని ఎక్కువైతే మేలు కాదు. పార్కిన్సన్స్ తొలి ఏళ్లలో కదలికలను నడిపే చోట డోపమైన్ బాగా తగ్గుతుంది, కోరికలను నడిపే చోట అంతగా తగ్గదు. ఆ లోటు తీర్చడానికి ఇచ్చే మందు మాత్రం రెండు చోట్లకూ వెళ్తుంది. పప్పు చప్పగా ఉందని వేసిన ఉప్పు చారులోనూ పడి, అది ఉప్పుకషాయం అయినట్టు. అందులోనూ డోపమైన్‌లా పనిచేసే ప్రామిపెక్సోల్ కోరికల వైపే ఎక్కువ మొగ్గుతుంది. అమెరికా, కెనడాల్లో మూడు వేల మందికి పైగా రోగులను పరిశీలించి 2010లో వెల్లడించిన వివరాల ప్రకారం, ఈ తరహా మందులు వాడేవారిలో సుమారు 17 శాతం మందికి కొనుగోళ్లో, జూదమో, అతిగా తినడమో, లైంగిక వాంఛో అదుపు తప్పింది. కాబట్టి నాన్నగారి బుద్ధిని తప్పుపట్టకండి. నా అనుమానం మందు మీదే.

అయితే ఏ మాత్రనూ మీ అంతట మీరు ఆపవద్దు. లెవోడోపా హఠాత్తుగా మానితే తీవ్ర జ్వరం, బిగుసుకుపోవడం వంటి ప్రాణాపాయ స్థితి రావచ్చు. ఈ వారమే న్యూరాలజిస్టును కలవండి. ప్రామిపెక్సోల్‌ను మెల్లగా తగ్గించే దారి ఆయన చూస్తారు, జ్ఞాపకశక్తి పరీక్ష కూడా చేస్తారు. చీటీలో ట్రైహెక్సీఫెనిడిల్ ఉందేమో చూడండి. వణుకుకు ఇచ్చే ఆ మాత్ర పెద్దవాళ్లలో మతిమరుపు తెస్తుంది. దూలగొండి పొడి వాడుతుంటే అదీ చెప్పండి. అందులో ఉన్నదీ లెవోడోపాయే.

ఈలోగా ఫోనులో చెల్లింపుల పరిమితి తగ్గించండి, నాన్నగారికి చెప్పే తగ్గించండి. వాపసు గడువు దాటకపోతే రెండు మిక్సీలు తిప్పి పంపేయండి.