కార్తీకంలో కాకినాడ, పెద్దవాళ్ళతో రెండు రోజులు

నవంబరులో అమ్మానాన్నల్నీ, పిల్లల్నీ తీసుకొని రెండు రోజులు కాకినాడ వస్తున్నాం, ఎండకి తట్టుకోగలరా అని అడిగారు కదండి, టెన్షన్ వద్దు, మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా గదిలో ఉంటే చాలు. మొదటి రోజు పొద్దున్నే కోరింగ మడ అడవికి వెళ్ళండి. చెక్క వంతెన మీద మెల్లగా నడవొచ్చు, పోటు తగ్గినప్పుడైతే బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన చెట్ల వేళ్ళూ, వాటి మధ్య పరుగెత్తే పీతలూ కనిపిస్తాయి, మా పిల్లలైతే అక్కణ్ణుంచి కదల్లేదు. పడవ మాత్రం ఆటుపోట్లను బట్టే, ముందు కనుక్కోండి. రెండో రోజు సామర్లకోట, ద్రాక్షారామం. రెండూ పంచారామాలనే ఐదు శివాలయాల్లోవే, కార్తీక సోమవారం విపరీతమైన జనం, పెద్దవాళ్ళు క్యూలో నిలబడలేరు, వేరే రోజు పెట్టుకోండి. పులస కోసం వెతక్కండి, అది వరద గోదారి చేప, సీజన్ అప్పటికి అయిపోతుంది. వాయుగుండం అని వార్త వస్తే బీచ్, పడవ రెండూ మానేయండి.