ఒకరి బరువు మరొకరి మీద

చిరంజీవి అమ్మాయికి ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన మట్టి నమూనా ఫొటోలు అన్ని వైపుల నుంచీ చూశాను. పరంజా మీది నుంచి పడిన కూలీని తోటి కూలీ ఒడిసిపట్టుకోవడమనే విషయం బాగుంది. దాన్ని ఆరడుగులకు పెంచే ముందు అభిప్రాయం అడిగావు కనుక ఉన్నది ఉన్నట్టు చెబుతాను. పడినవాడి బాధ కనిపిస్తోంది గానీ పట్టుకున్నవాడి కరుణ కనిపించడం లేదు. అతని ముఖంలో దిగులు పెట్టావు; నడుము, మోకాళ్లు, పాదాలు మాత్రం ఎవరినీ మోయని మనిషివిలాగే ఉన్నాయి. నిండు మనిషి బరువు చేతుల్లోకి వాలినప్పుడు ఎవరూ అంత నిటారుగా నిలబడలేరు. బాధను చూపడానికి ఒక్క దేహం చాలు. కరుణను చూపాలంటే రెండో దేహం కావాలి, అది మొదటి దేహం కారణంగా తన నిలకడను మార్చుకోవాలి.

రోమ్‌లోని సెయింట్ పీటర్స్ చర్చిలో ఉన్న మైకెలాంజిలో ‘పియెతా’ (చనిపోయిన క్రీస్తును ఒడిలో పెట్టుకున్న తల్లి మేరీ) ఫొటోను ఈసారి ముఖాలు వదిలేసి చూడు. 1498, 99లలో చెక్కిన ఆ పాలరాతి శిల్పంలో మేరీ కుడిచేయి కొడుకు చంక కింద నుంచి అతని భుజాన్ని మోస్తోంది. ఆ చేతికీ అతని ఒంటికీ మధ్య వస్త్రం ఉంది. విచ్చుకున్న వేళ్లు అదిమిన చోట, ప్రాణం లేని కండ పైకి పొంగి మడత పడింది. నా దృష్టిలో ఆమె ప్రశాంతమైన ముఖం కంటే ఆ మడతే ఎక్కువ చెబుతుంది. నీ బొమ్మలో చేయి ఒంటిని తాకి ఊరుకుంది, ఎక్కడా నొక్కలేదు. రెండు దేహాలు కలిసే చోట్లను ముందుగా లెక్కపెట్టుకుని, ఒక్కో చోట ఎంత బరువు పడుతుందో తేల్చుకున్న తర్వాతే మట్టి ముట్టుకో.

ఇది ఊహలో తేలే పని కాదు. ఇద్దరు స్నేహితులను పిలిచి, ఒకరిని మరొకరి చేతుల్లో పూర్తిగా వాలమని చెప్పు. మొదటి నిమిషంలో వాళ్లు భంగిమ పెడతారు, దాన్ని గీసుకోకు. చేతులు లాగడం మొదలయ్యాక మోసేవాడు తనకు తెలియకుండానే ఒక కాలు వెనక్కి వేస్తాడు, తుంటిని ముందుకు తోస్తాడు, గడ్డాన్ని అవతలివాడి తల మీద ఆనిస్తాడు. నీకు కావలసిన భంగిమ అప్పుడు దొరుకుతుంది. పట్టు సడలకముందే బొమ్మలు గీసుకో, వెనక నుంచి కూడా.

పడినవాడి నోరు అంత పెద్దగా తెరిచావెందుకు? కేక వేసే ముఖం పెట్టగానే చూసేవాడి కన్ను అక్కడే ఆగిపోయి, కింద రెండు దేహాల మధ్య జరుగుతున్నది గమనించదు. 1506లో రోమ్‌లోని ఒక ద్రాక్షతోటలో బయటపడిన ‘లావోకూన్’ అనే పురాతన శిల్పంలో, ఇద్దరు కొడుకులతో సహా పాములు చుట్టేసిన తండ్రి నోరు కొద్దిగానే తెరుచుకుని ఉంటుంది. దొరికినప్పుడు ఆయన కుడిచేయి లేదు. తర్వాత మరమ్మతు చేసినవాళ్లు ఆకాశంలోకి చాచిన చేయి అతికించారు. అసలు చేయి 1906లో లుడ్విగ్ పొల్లాక్ అనే పురావస్తు నిపుణుడి కంటపడింది. చూస్తే అది తల వెనక్కి ముడుచుకుని ఉంది! చాచిన చేయి నాటకంలోది; ముడుచుకున్న చేయి నొప్పిని ఒంట్లోకే తిప్పుతుంది. నీ కూలీ ఎడమచేయి విషయంలో ఇది గుర్తుంచుకో. అదే శిల్పంలో మన కుడివైపున్న కొడుకును కూడా చూడు: తన కాలికి చుట్టుకున్న పామును విడిపించుకుంటూనే మెడ తిప్పి తండ్రి వైపు చూస్తున్నాడు. అంత నొప్పి నిండిన ఆ శిల్పంలో కరుణ ఉన్నది ఆ మెడ తిప్పడంలోనే.

నువ్వు ప్రస్తావించిన నార్వే శిల్పి విగెలాండ్ స్తంభం, ఓస్లోలోది, గొప్ప పనే. పద్నాలుగు మీటర్లు దాటిన ఒకే రాతిలో 121 దేహాలు, దాన్ని చెక్కడానికి ముగ్గురు పనివాళ్లకు 1929 నుంచి 1943 దాకా పట్టింది. అయితే అందులో నాకు కనిపించేది గుంపు ఊపు. ఇద్దరి మధ్య విషయానికి అది నమూనా కాదు.

నీకు జర్మన్ కళాకారిణి కేతే కోల్‌విట్జ్ కావాలి. ఆవిడ చిన్నకొడుకు పీటర్ 1914 అక్టోబరులో బెల్జియం యుద్ధరంగంలో చనిపోయాడు. చచ్చిపోయిన కొడుకుతో ఉన్న తల్లి శిల్పాన్ని ఆవిడ డెబ్బై ఏళ్ల వయసులో, 1937, 38లలో చేసింది. అది మూరెడు ఎత్తు కూడా లేని కంచు బొమ్మ. కొడుకు ఒడిలో పడుకుని ఉండడు, తల్లి మోకాళ్ల మధ్య ముడుచుకుని ఉంటాడు. ఆమె పెద్ద దుప్పటి లాంటి దుస్తులో ఇద్దరూ ఒకే ముద్దగా కనిపిస్తారు. దాన్ని పెద్దదిగా చేసి 1993లో బెర్లిన్‌లోని నోయె వాఖె స్మారక భవనంలో పైకప్పు రంధ్రం కింద పెట్టారు, వానా మంచూ నేరుగా దాని మీదే పడతాయి. నువ్వు ఆరడుగులని పట్టుబట్టే ముందు ఆలోచించు: చిన్నగా ఉన్నప్పుడు నిలబడని భావం పెంచితే నిలబడదు.

ఇక పని సంగతి. రెండు బొమ్మలకు వేర్వేరు ఆర్మేచర్లు (మట్టిని లోపల నిలబెట్టే చట్రాలు) కట్టి తర్వాత దగ్గరకు జరపకు. అలా చేస్తే చివరిదాకా అవి పక్కపక్కన నిలబెట్టిన రెండు బొమ్మలుగానే ఉంటాయి. ఒకే పీఠం మీద ఒకే గొట్టం నుంచి రెండింటినీ లేపు. వాలిన దేహానికి ఇనుప కడ్డీ, వేలాడే చేతికి వంగే అల్యూమినియం తీగ వాడు, తడి మట్టి జారకుండా లోపల తీగకు చెక్క ముక్కలు వేలాడదీయి. దేహాల మధ్య సందులు తక్కువగా ఉంచు. ఒక్క సందు మాత్రం, మోసేవాడి మోచేతి కింద, వెలుగు ఆవలికి కనిపించేలా వదిలితే మిగిలిన ముద్దకు బరువు వస్తుంది.

రోజూ పని ఆపే ముందు రెండు ముఖాలనూ తడిగుడ్డతో కప్పి, తిరుగుడు పీట మీద బొమ్మను చుట్టూ తిప్పి చూడు. ఎవరు ఎవరిని మోస్తున్నారో తెలియని వైపు ఏదైనా ఉంటే మర్నాడు అక్కడి నుంచే మొదలుపెట్టు. మైకెలాంజిలో చనిపోయే ముందు రోజుల దాకా, అంటే 1564 దాకా, చెక్కుతూ వదిలేసిన మరో పియెతా, రొండనీనీ పియెతాలో తల్లి నిలబడి కొడుకును పట్టుకుని ఉంటుంది, కానీ ఒక పక్క నుంచి చూస్తే కొడుకే తల్లిని వీపున మోస్తున్నట్టు ఉంటుంది. అంతకుముందు రూపానికి చెందిన చేయి ఒకటి ఆ రాతిలోనే విడిగా మిగిలిపోయింది. అవసరమైతే బాగా కుదిరిన చేతిని కూడా తీసేయడానికి వెనుకాడకు.

అచ్చు తీసేటప్పుడు ఇరుకు మడతల్లో ప్లాస్టర్ బిగుసుకుపోతుంది కనుక వేలాడే చేతిని తీగతో కోసి విడిగా పోత పోసి తర్వాత అతుకు. అతుకు గీత చంక మడతలో పడేలా చూసుకో. కోసే ముందు ఇంకోసారి ఫొటోలు పంపు; ముఖాలవి కాదు, మోసేవాడి వీపు, పాదాలవి.