ఇల్లూ బిడ్డా ఒకే ఏడాదిలో అయితే

మీరు అడిగింది ఇది: భార్యకు ఐదో నెల, హైదరాబాద్‌లో 60 లక్షల ఫ్లాట్ మాట్లాడుకున్నారు, "మొదటి ఇల్లూ మొదటి బిడ్డా ఒకటే, రెండూ ఒకేసారి మోసేయొచ్చు" అని పెద్దవాళ్లు అంటున్నారు. నిజమేనా అని.

ఒక్క విషయంలోనే నిజం. రెంటికీ ముందు అనుకున్న ఖర్చు అసలు ఖర్చు కాదు. 60 లక్షలకు బ్యాంకు ఇచ్చేది 80 శాతం, అంటే 48 లక్షలు. మిగతా 12 లక్షలు మీవి. తెలంగాణలో రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం, అంటే 4.5 లక్షలు, అదీ చేతి డబ్బే. ఓసీ (ఇల్లు నివాసానికి సిద్ధమని ఇచ్చే అధికారిక పత్రం) రాని ఫ్లాటైతే 5 శాతం జీఎస్టీ పడుతుంది. వుడ్‌వర్క్, గ్రిల్స్, కార్పస్ ఫండ్ (అపార్ట్‌మెంట్ నిర్వహణ నిధికి కట్టే డబ్బు) ఆపైన. ఇంత ఊడ్చి కట్టేశాక కాన్పు ఆపరేషన్ దాకా వెళితే చేతిలో ఏమీ ఉండదు. సొంతంగా తీసుకున్న హెల్త్ పాలసీల్లో కాన్పుకు సాధారణంగా రెండేళ్లో అంతకు మించో వెయిటింగ్ ఉంటుంది, ఇప్పుడు తీసుకున్నా ఈ కాన్పుకు పనికిరాదు. ఆ డబ్బు ముందే పక్కన పెట్టండి.

ఇక పోలిక తప్పేది బరువు దగ్గర. 48 లక్షలు, 8.5 శాతం, 20 ఏళ్లు అంటే నెలకు సుమారు 41,650. మొదటి కిస్తీలో 34,000 వడ్డీకే పోతుంది. అయినా ఈ బరువును దించుకునే దారి ఉంది: మొదట్లోనే ఒక లక్ష అదనంగా కడితే చివర్లో 12 కిస్తీలు తగ్గుతాయి. ఫ్లోటింగ్ వడ్డీ (రేటు మారుతూ ఉండే) అప్పుకు ముందస్తు చెల్లింపు పెనాల్టీ లేదు. పసిబిడ్డకు ఇలాంటి వీలేదీ లేదు. రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు, అందులో రాత్రివీ ఉంటాయి. 6, 10, 14 వారాల టీకాలు ఆ వారాల్లోనే పడాలి. అలసిపోయేది మనిషి, అందుకే కిస్తీ లెక్క ఒక్కరి జీతం మీదే వేయండి. మీ భార్య ఉద్యోగం చేస్తుంటే జీతంతో ప్రసూతి సెలవు 26 వారాలే, ఆ తర్వాత ఆమె వెంటనే ఉద్యోగంలో చేరలేకపోవచ్చు.

కొనాలనే నిర్ణయించుకుంటే, పురుడు పుట్టింట్లో పోసుకునే ఆనవాయితీ మీకు బాగా కలిసొస్తుంది. తల్లీబిడ్డలు అక్కడున్న నెలల్లోనే వుడ్‌వర్క్, రంగులు ముగించి, కనీసం మూడు నాలుగు వారాలు కిటికీలు తెరిచి ఉంచండి. రంపపు పొట్టు, వార్నిష్ వాసన ఉన్న ఇంట్లోకి పసిబిడ్డను తీసుకురావద్దు.

వార్డ్‌రోబ్‌లు బిగించే ముందు ఒక పరీక్ష తప్పనిసరి. బాత్రూం నీటి జాలీని గుడ్డతో బిగించి మూసి, రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలపండి. కింది ఫ్లాట్ సీలింగ్, మీ పడకగది గోడ అడుగు చూడండి. చెమ్మ కనిపిస్తే టైల్స్ కింద వాటర్‌ప్రూఫింగ్ పోయిందన్నమాట, టైల్స్ సందుల్లో గ్రౌట్ (సందులు పూడ్చే ముద్ద) పూస్తే ఆగదు, టైల్స్ పగలగొట్టాల్సిందే. బిడ్డ వచ్చాక ఆ పని పెట్టుకోలేరు. రెరా (ఇల్లు కొనేవాళ్ల రక్షణకు తెచ్చిన రియల్ ఎస్టేట్) చట్టం ప్రకారం స్వాధీనం ఇచ్చిన ఐదేళ్లలోపు ఇలాంటి నిర్మాణ లోపాన్ని చెబితే బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా, తేదీ కనిపించే ఫొటోలతో మెయిల్ పంపండి.